ముఖం మీద వలలా పడ్డ గీతలు

ప్రశ్న: యాభై దాటాక బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. రెండేళ్లుగా ఆయిల్ రంగులు వాడుతున్నాను. రంగుల జోలికి పోకముందే నలుపు తెలుపుల్లో ఒక ముఖం సాధించాలనిపించి, డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1628లో చేసిన ముసలమ్మ ఎచింగ్ (రాగిరేకు మీద గీసి కాగితం మీదకు తీసిన అచ్చు) ఎంచుకున్నాను. ఆమె ఆయన తల్లి అంటారు. దాన్ని ప్రింటు తీసుకుని 40 సెంటీమీటర్ల కాన్వాసు మీదకు పెంచి వేశాను. ఐవరీ బ్లాక్, టైటానియం వైట్ తప్ప వేరే రంగు ముట్టుకోలేదు. సన్న కుంచెతో ఒక్క గీత కూడా వదలకుండా దించడానికి నెల పట్టింది. పోలిక వచ్చింది. కానీ ముఖానికి ఇనుప వల కప్పినట్టుంది. చర్మం నీలం తిరిగి, ప్రాణం లేనట్టు కనిపిస్తోంది. ఇంకొకళ్ల బొమ్మ చూసి వేయడం కళే కాదు పొమ్మంటున్నాడు మా అన్నయ్య. తప్పెక్కడ జరిగింది? మళ్లీ వేయమంటారా, వదిలేయమంటారా? – ఒక పాఠకురాలు

సమాధానం: మళ్లీ వేయండి. వేరే బొమ్మ వద్దు, అదే ముసలమ్మను.

మీరు పంపిన ఫోటోను చాలాసేపు చూశాను. తలకట్టు వాలు, ముక్కుకూ పై పెదవికీ మధ్య దూరం, లోపలికి పోయిన నోరు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. కొలతలు ఇంత బాగా పట్టుకోవడానికి చాలామందికి రెండేళ్లు చాలవు. మీ తప్పు చేతిలో లేదు. ఎచింగ్‌లో గీత ఎందుకు ఉంటుందన్నది మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎచింగ్ చేసేవాడి దగ్గర బూడిద రంగు ఉండదు. రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో ఆ పూతను గీరి, రేకును ఆమ్లంలో ముంచుతాడు. గీరిన చోటల్లా ఆమ్లం రాగిని తింటుంది. ఆ పల్లాల్లోకి సిరా దించి, పైన మిగిలింది తుడిచేసి, తడి కాగితం పరిచి యంత్రంతో నొక్కుతాడు. కాగితం మీద పడేది రెండే, సిరా ఉన్న చోటు, లేని చోటు. మధ్యలో ఇంకేమీ లేదు. మరి చెంప మీద మెత్తటి నీడ ఎలా వచ్చింది? సన్నటి గీతల్ని దగ్గరదగ్గరగా గీశాడు, వాటి మీద అడ్డంగా ఇంకొన్ని గీశాడు. వాటిని కలిపేసుకుని బూడిద రంగుగా చూసేది మన కన్ను. ఆ గీత ఆయన కోరుకున్న వస్తువు కాదు, ఉన్న పనిముట్టుతో నీడ పుట్టించడానికి పట్టిన దారి. మీ పాలెట్ మీద బూడిద రంగు కావలసినంత ఉంది. మీరు ఆ దారిన పోనక్కర్లేదు.

దీనికి తోడు సైజు. ఆ ఎచింగ్ అసలు కొలత ఆరున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ, అరచేతిలో ఇమిడిపోతుంది. మీరు దాన్ని 40 సెంటీమీటర్లకు పెంచారు, అంటే ఆరు రెట్లు. వెంట్రుకలా ఉన్న గీత ఆరు రెట్లు లావెక్కింది, గీతకూ గీతకూ మధ్య సందు కూడా ఆరు రెట్లు విడిపోయింది. చిన్న అచ్చులో కలిసిపోయిన గీతలు మీ కాన్వాసు మీద దేనికది విడివిడిగా నిలబడ్డాయి. మీరు ఇనుప వల అన్నది దీన్నే. కాన్వాసును గోడకు ఆనించి ఓ పదిపన్నెండు అడుగులు వెనక్కి నడిచి చూడండి, వల పలచబడి కింద ముఖం కొంత తేలుతుంది. మీరు వేయాల్సింది అలా తేలే ముఖాన్ని.

నేను నేర్చుకునే రోజుల్లో ఒక పాత ఎన్‌గ్రేవింగ్ (రేకును ఉలితో చెక్కి తీసిన అచ్చు) చూసి గడ్డం ముసలాయన ముఖం వేస్తున్నాను. మీలాగే సన్న కుంచెతో, శ్వాస బిగబట్టి. గురువుగారు వెనక నిలబడి కాసేపు చూశారు. నా చేతిలో కుంచె తీసి పక్కన పెట్టి, బొటనవేలంత వెడల్పున్న ఫ్లాట్ బ్రష్ ఇచ్చారు. "కళ్లు చికిలించి చూడు. ఈ చెంపకు ఎన్ని ఛాయలు కావాలి?" అన్నారు. చూశాను. గీతలు వందల్లో ఉన్నాయి, ఛాయలు మాత్రం మూడు. చెంప ఎముక మీద వెలుగు, దాని కింద నడిమి ఛాయ, దవడ దగ్గర నీడ. మూడు పూతలు పూశాను. ఉదయం నుంచీ గీసినదాంట్లో రాని గుండ్రదనం ఆ మూడింటితో వచ్చింది. ఆ చెంప ఇవాళ్టికీ నా కళ్లముందుంది.

అలాగని గీతల్ని పూర్తిగా పక్కన పెట్టేయకండి. వాటికి ఇంకో పని కూడా ఉంది. నుదుటి మీద గీతలు నుదుటి వంపు వెంట వంగుతాయి. చెంప మీదవి చెంప గుండ్రదనాన్ని చుట్టుకుంటూ, చేతికి గాజులా తిరుగుతాయి. తలకట్టు గుడ్డ మీదవి మడత ఎటు పడితే అటు పడతాయి. చర్మం ఏ చోట ఎటు తిరుగుతోందో ఆయన మీకు గీత గీతలోనూ చెబుతున్నాడు. దాన్ని మీరు కుంచె నడకలోకి తీసుకోండి. గీత ఎటు వంగితే కుంచెను అటు లాగండి. గీత కనబడదు, కానీ అది చూపిన దిక్కు రంగులో మిగిలిపోతుంది. నన్నడిగితే పాత అచ్చు చూసి వేయడంలో అసలు లాభం ఇదే. ఫోటో చూసి వేస్తే ఛాయలు దొరుకుతాయి కానీ, వంపు ఎటు తిరిగిందో వేలు పెట్టి చూపించేవాళ్లు ఉండరు.

ఇక ప్రాణం లేదన్న సంగతి. దీనికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది మీరు అస్సలు అనుమానించి ఉండరు: వెనక వదిలేసిన తెలుపు. ఎచింగ్‌లో ముసలమ్మ వెనక ఎక్కువ భాగం ఖాళీ కాగితమే కాబట్టి మీరు కూడా కాన్వాసును తెల్లగా వదిలేశారు. ఖాళీ కాగితం అంటే అక్కడ వెలుగు ఉందని అర్థం కాదు. అక్కడ ఆయన ఏమీ చెప్పదలుచుకోలేదని అర్థం. చిన్న కాగితం మీద కన్ను ఆ ఖాళీని పట్టించుకోదు. కాన్వాసు మీద అదే తెలుపు, బొమ్మ మొత్తంలో అన్నింటికంటే వెలుగున్న చోటై కూర్చుంటుంది. దాని పక్కన నుదుటి మీద మీరు పెట్టిన వెలుగు కూడా మాసిపోయినట్టు కనిపిస్తుంది. ముఖం చచ్చిపోయింది అందుకే. ఈసారి మొదటి రోజే కాన్వాసు మొత్తానికి నడిమి ఛాయ పలచగా పూసి ఆరనివ్వండి. ఆ నేల మీద తెలుపు పెడితే వెలుగులా ఉంటుంది, నలుపు పెడితే నీడలా ఉంటుంది. ముఖంలో సగం పని ఆ నేలే చేసి పెడుతుంది. నీడ వైపు చెంప వెనక దాన్ని కొంచెం తేలిక చేసి, వెలుగు వైపు చెంప వెనక కొంచెం ముదురు చేస్తే తల కాన్వాసు నుంచి ముందుకు వస్తుంది.

రెండోది నీలం. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే బూడిద చల్లగా, నీలం వైపు మొగ్గుతుంది. టైటానియం వైట్ కూడా చల్లటి తెలుపే. రెండు చలువలూ కలిసి చర్మాన్ని శవంలా చేశాయి. పాత అచ్చుల్లో సిరా అంత నల్లగా ఉన్నా ముఖాలు వెచ్చగా కనిపించడానికి కాగితం రంగు కూడా ఒక కారణం, అది పాలమీగడ రంగులో ఉంటుంది. మీరు చేయాల్సింది తేలికే. నలుపులో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలపండి, సగానికి సగం. నీలం విరిగిపోతుంది. తెలుపులో కూడా ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు పిసరంత, కత్తి మొనకు అంటేంత. బొమ్మ ఇంకా ఏకవర్ణమే. చూసేవాళ్లకు గోధుమ ఛాయలున్న నలుపు తెలుపులే కనిపిస్తాయి, కానీ చర్మంలో నెత్తురు ఉన్నట్టుంటుంది. అంబర్‌తో ఇంకో మేలుంది. అందులోని మాంగనీసు వల్ల అది త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ ఒక్కటే వాడితే రోజులకు రోజులు తడిగానే ఉంటుంది. అందుకే మొదటి పూత అంబర్‌తో పలచగా వేసి, నూనె ఎక్కువున్న పూతలు తర్వాతి రోజులకు ఉంచుకోండి. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే కొన్నేళ్లకు బొమ్మ బీటలు వారుతుంది.

కుంచె పట్టే ముందు పాలెట్ నైఫ్‌తో ఐదు ముద్దలు కలిపి వరసగా పెట్టుకోండి. ఒక చివర ముదురు, ఇంకో చివర వెలుగు, మధ్యలో మూడు మెట్లు. ఛాయను పాలెట్ మీదే తేల్చుకోవాలి. కాన్వాసు మీద కలుపుతూ పోతే గంటలో అంతా ఒకే మట్టిరంగు అవుతుంది. ఐదు మెట్లు సరిపోతాయా అని మీకు అనిపించవచ్చు. మొదటి మూడు రోజులకు చాలు. చివర్లో వెలుగు, నీడల కొసలకు ఇంకో రెండు కలుపుకోవచ్చు.

ఇప్పుడు కంటి దగ్గరికి వద్దాం. ముఖచిత్రాలు ఎక్కువ పాడయ్యేది అక్కడే, మీ బొమ్మలో కూడా అక్కడ పని పడింది. నీడ వైపున్న కంట్లో తెల్లగుడ్డును మీరు నిజంగానే తెల్లగా వేశారు. కన్ను చేసే మోసం ఇది. చుట్టూ ఉన్న రెప్పలు, కంటిగుంట బాగా ముదురుగా ఉండటం వల్ల మధ్యలో ఉన్న బూడిద తెల్లగా అనిపిస్తుంది. ఒక అట్టముక్కకు పెన్సిల్ మొనంత బెజ్జం పెట్టి, ఎచింగ్‌లో ఆ తెల్లగుడ్డు మీద మాత్రమే పడేలా ఉంచి చూడండి. తర్వాత అదే బెజ్జాన్ని నుదుటి మీదకు జరపండి. ఆ 'తెలుపు' మీ ఐదు ముద్దల్లో మూడోదో, ఇంకా ముదురుదో అని తెలుస్తుంది. అక్కడ తెలుపు తగ్గించగానే ఆ కన్ను గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది. ముసలివాళ్ల కళ్లు అలా లోపలికే ఉంటాయి.

కన్ను వేసేటప్పుడు కన్ను ఆకారం గీసి లోపల నింపకండి. ముందు కనుబొమ కింద నుంచి చెంప ఎముక దాకా మొత్తం గుంటను ఒకే నీడ పూతగా వేయండి. అది తడిగా ఉండగానే పై రెప్ప ఉబ్బును కొంచెం తేలిక ఛాయతో ఎత్తండి. పై రెప్ప అంచు ముదురుగా, కొంచెం మందంగా రావాలి. కింద రెప్ప అంచును మాత్రం గీయకండి, దాని మీద పడే సన్నటి తడి వెలుగు ఒక్కటి చాలు. కంటిపాపలో మెరుపుచుక్క అన్నిటికంటే చివర, కుంచె మొనతో ఒక్కసారే. రెండోసారి ముడితే పాడవుతుంది. నీడ వైపు కంట్లో ఆ చుక్క లేకపోయినా ఫరవాలేదు. ఎచింగ్‌లో ఉంటేనే పెట్టండి, అది కూడా వెలుగు వైపు కంటికంటే మసకగా.

ముడతల విషయంలో మీకు ఎక్కువ జాగ్రత్త కావాలి. ముడత అంటే నల్లగీత అనుకుని వేశారు. దగ్గరగా చూడండి, ప్రతి ముడతా ఒక చిన్న కొండాలోయ. ఒక వైపు నీడ, దాన్ని ఆనుకునే వెలుగు పడిన చిన్న గట్టు. నీడ ఒక వైపు పదునుగా తెగుతుంది, ఇంకో వైపు మెల్లగా కరిగిపోతుంది. మూడు ముడతల్ని ఇలా వేసి, మిగతావాటిని ఛాయలోనే వదిలేయండి. చూసేవాళ్లు మిగతావి తమంతట తామే చూసుకుంటారు. రెంబ్రాంట్ ఆ ఎచింగ్ చేసినప్పటికి ఆయన వయసు ఇరవైరెండు. ఆ వయసువాడు ఒక ముసలి ముఖాన్ని అంత ఓపికగా, అంత దయగా చూశాడంటే నాకు ఎన్నిసార్లు చూసినా మనసు కదులుతుంది. ముడతలన్నీ ఒకే బరువుతో గీస్తే ఆ దయ పోతుంది.

చిన్న సంగతులు కొన్ని. ప్రింటరు తీసిన కాగితం చూసి వేయకండి, నీడల్లో ఉన్న తేడాలన్నీ అందులో మసిలా కలిసిపోతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన దగ్గరున్న రెంబ్రాంట్ అచ్చుల బొమ్మల్ని చాలా స్పష్టంగా, ఉచితంగానే ఆన్‌లైన్‌లో ఇస్తోంది. తెర మీద పెద్దది చేసి గీత దిక్కు చూసుకోండి, చిన్నది చేసి ఛాయ చూసుకోండి. కాన్వాసును, బొమ్మను అప్పుడప్పుడు తలకిందులు చేసి పోల్చండి. ఇంకొకటి, అంబర్ ఆరాక కొన్ని చోట్ల మెరుపు పోయి పాలిపోయినట్టు ఉంటుంది. నీడ తేలికైందని కంగారుపడి మళ్లీ నలుపు పూస్తుంటారు చాలామంది. అది ఛాయ మారడం కాదు, నూనె కిందికి ఇంకిపోవడం. పూర్తిగా ఆరాక గుడ్డతో చుక్క లిన్సీడ్ ఆయిల్ రుద్ది, మిగిలింది తుడిచేస్తే అసలు ఛాయ తిరిగొస్తుంది. ఆ తర్వాతే అక్కడ ఏం చేయాలో నిర్ణయించుకోండి. నూనె అంటిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి ఆరబెట్టండి.

మీ అన్నయ్యగారి మాటకు వస్తాను. ఆయన మీ మేలు కోరే అన్నారు, కానీ ఆ మాటతో నేను ఏకీభవించలేను. 1639లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఒక వేలంపాటలో ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ వేసిన కాస్తిగ్లియోనే అనే రచయిత ముఖచిత్రం అమ్ముడుపోతుంటే, రెంబ్రాంట్ దాన్ని చూసి అప్పటికప్పుడు గీసుకున్నాడు. పక్కన అది ఎంతకు పోయిందో కూడా రాసుకున్నాడు. అదే ఏడాది ఆయన చేసిన, రాతి పిట్టగోడ మీద మోచెయ్యి ఆనించిన స్వీయచిత్రం ఎచింగ్‌లో ఆ భంగిమ ఛాయ కనిపిస్తుంది. 1889లో ఫ్రాన్స్‌లోని సాన్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు చిత్రకారుడు వాన్ గో, తనకంటే ముందుతరం ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే బొమ్మల నలుపు తెలుపు అచ్చుల్ని ముందు పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి రంగుల్లో వేశాడు. ఆ పని వేరే భాషలోకి అనువదించడం లాంటిదని తమ్ముడికి రాశాడు. మీరు చేస్తున్నదీ అనువాదమే. మొదటిసారి మాటకు మాట పెట్టారు కాబట్టి అతకలేదు.

ఇందులో నాకు మరీ ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆ కాలంలో చాలా అచ్చులు పుట్టింది ఏకవర్ణ తైలచిత్రాల్లోంచే. 1630ల్లో చిత్రకారుడు వాన్ డైక్ ప్రముఖుల ముఖచిత్రాల అచ్చుల శ్రేణి తలపెట్టినప్పుడు, రాగిరేకు చెక్కేవాళ్లకు నమూనాగా గోధుమ, బూడిద ఛాయల్లో చిన్నచిన్న ఆయిల్ బొమ్మలు తయారయ్యాయి. రెంబ్రాంట్ కూడా 1634లో, క్రీస్తును జనం ముందు నిలబెట్టిన దృశ్యాన్ని అచ్చు కోసం ఇలాగే ఏకవర్ణంలో వేశాడు. అది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అక్కడ ఛాయ గీతగా మారింది. మీరు అదే దారిలో వెనక్కి నడుస్తున్నారు, గీతను తిరిగి ఛాయగా మారుస్తున్నారు. ఇందులో మీరు తేల్చుకోవాల్సినవి బోలెడు. నేల ఎంత ముదురు, ఏ అంచు కరగాలి, ఏ ముడత ఉండాలి, వెనక ఖాళీలో ఏముండాలి, ఇవేవీ ఎచింగ్ చెప్పదు. మీ కాన్వాసు వెనక మీ పేరు, సంవత్సరం రాసి, 'రెంబ్రాంట్ ఎచింగ్ ఆధారంగా' అని ఒక్క ముక్క చేర్చండి. దాచాల్సింది ఏమీ లేదు.

దీని తర్వాత ఇంకో అచ్చు తీసుకోవాలనుకుంటే, రెంబ్రాంట్ 1647లో చేసిన, యాన్ సిక్స్ అనే ఆయన ఎచింగ్ జోలికి ఇప్పుడే పోకండి. కిటికీ దగ్గర నిలబడి చదువుకుంటున్న ఆ మనిషి ఎంత అందంగా ఉన్నా, చీకటిలో చీకటి ఛాయలు అన్ని ఉన్నాయి కాబట్టి మొదట్లోనే చేతికి అందదు. దాని బదులు ఏదైనా మెజోటింట్ ముఖచిత్రం చూడండి. ఆ పద్ధతిలో రేకు మొత్తాన్ని ముందు గరుకు చేస్తారు, అలాగే అచ్చు వేస్తే అంతా నల్లగా పడుతుంది. తర్వాత వెలుగు కావాల్సిన చోట్ల గీకి నునుపు చేస్తారు. అందులో గీతే ఉండదు, చీకట్లోంచి వెలుగు తీయడమే. మీకు కూడా అలా చేసి చూసే వీలుంది. కాన్వాసు నిండా పలచటి అంబర్ పూసి, తడిగా ఉండగానే గుడ్డతో నుదురు, చెంప, ముక్కు దూలం తుడిచి తీయండి. ఒక సాయంత్రం పని. ముసలమ్మను మళ్లీ మొదలుపెట్టే ముందు, ఆమె ముఖాన్నే ఇలా రెండుసార్లు తుడిచి చూడమని నా సలహా.

పాత కాన్వాసు మాత్రం చెరపకండి. కొత్తది మూడో రోజుకు వచ్చాక రెండింటినీ పక్కపక్కన, ఒకే కిటికీ వెలుతురులో నిలబెట్టి ఫోటో తీసి పంపండి. తలకట్టు గుడ్డ అంచు నుదుటి మీద పడేచోట సన్నటి నీడ ఒకటి ఉంటుంది, అది ఎలా వచ్చిందో చూడాలని ఉంది.